కంప్రెసర్ సద్దు మారిందంటే అది ఏందో చెప్తా ఉండాది

తిరుచానూరు రోడ్డులో తెల్లారి ఐదింటికి నిలబడి వినండి. గుడి మైకు, బస్సుల హారన్లు, టీ అంగడి కాడ గ్లాసుల గలగల. వీటన్నిటి కింద ఇంకొక సద్దు ఉంటాది. పంచర్ అంగట్లోనో, వాటర్ సర్వీసు షెడ్డులోనో కంప్రెసర్ ‘గుడగుడగుడ’ అని తిరిగే సద్దు. దాన్ని ఎవురూ పట్టించుకోరు. రోజూ వినేదే గదా అని చెవి దాన్ని వొదిలేస్తాది. కానీ ఆ సద్దు మారిందంటే మాత్రం, దాని పక్కన నిలబడి పనిచేసే పిలకాయకు అందరికంటే ముందర తెలుస్తాది.

చానా ఏండ్ల కిందట నేను ఒక టైర్ల షెడ్డులో పని నేర్చుకుంటా ఉండినా. కార్తీక బ్రహ్మోత్సవాల కాలం, పంచమి తీర్థానికి ఇంకా నాలుగు దినాలు ఉండాది. ఊరంతా బండ్లు. హెల్పరు పిల్లోడు వచ్చి ఓనరుతో చెప్పినాడు: “అన్నా, మిషను సద్దు మారిందన్నా. డక్కు డక్కు అంటా ఉండాది.” ఆయన బిల్లు రాస్తానే, “గాలి వస్తా ఉండాది గదరా? పంచమి తీర్థం అయిపోనీ, తర్వాత చూద్దాం” అన్నాడు.

మూడో దినం మధ్యాన్నం కనెక్టింగ్ రాడ్ తెగింది. తెగిన ముక్క కింది పెట్టెను పగలగొట్టుకోని బయటికొచ్చి పక్కన ఉండే నీళ్ళ డ్రమ్ముకు తగిలింది. డ్రమ్ము కాడ ఎప్పుడూ ఎవురో ఒకరు ఉంటారు. ఆ నిమిషం ఎవురూ లేరు, అంతే. తిట్లు మాత్రం పిల్లోడికే పడినాయి, “నువ్వు నూనె చూసుకోలేదు” అని. ఆ సద్దు మూడు దినాలు నాకూ వినబడింది. చెప్పేదానికి నోరు రాలేదు, గమ్మున ఉండిపోయినా. ఏ సద్దు ఏ జబ్బుదో నాకు తెలిసి ఉంటే గట్టిగా చెప్పుండేవాణ్ణేమో. అందుకే ఇది రాస్తా ఉండా.

మన చుట్టూ ఎన్ని కంప్రెసర్లు

గాలిని నొక్కిపెట్టి పని చేయించుకునే మిషను లేని తావు మన పక్క చానా తక్కువ. బోరు వేసే రిగ్గు లారీ మీద ఉండేది కంప్రెసరే. రాతిని పొడి చేసి పైకి ఊదేది ఆ గాలే. కుప్పం, పలమనేరు పక్క గ్రానైట్ క్వారీల్లో జాక్‌హామర్‌ను ఆడించేది అదే. చిత్తూరు పక్క తోతాపురి కాయలు గుజ్జయ్యే ఫ్యాక్టరీల్లో వాల్వులు తెరిచేది, మూసేది గాలే. రేణిగుంట, గాజులమండ్యం, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో గాలి లైను ఆగితే లైనంతా ఆగుతాది. తిరుపతి రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో బోగీల బ్రేకులు పరీక్ష చేసేదానికీ గాలే కావాల.

ఐటీఐ చదివి మన పిలకాయలు మొదట చేరేది ఇట్లాంటి తావుల్లోనే. కాంట్రాక్టు హెల్పరుగా పెట్టి “ఆ మిషను కాడ నిలబడు, గేజీ చూడు” అంటారు. గేజీ చూడమంటారు గానీ, చెవి పెట్టి వినమని ఎవురూ నేర్పరు. గేజీ ముల్లు కదిలేలోపల సద్దు మారిపోయి ఉంటాది.

లోపల ఏం జరుగుతా ఉండాది

పంచర్ అంగట్లో ఉండేది పిస్టన్ కంప్రెసర్. సైకిల్ పంపు మాదిరే. మోటారు బెల్టును లాగుతాది, బెల్టు పెద్ద ఫ్లైవీలును తిప్పుతాది, లోపల క్రాంకు తిరిగి కనెక్టింగ్ రాడ్ పిస్టన్‌ను పైకీ కిందికీ ఆడిస్తాది. పిస్టన్ కిందికి దిగితే గాలి లోపలికి, పైకి పోతే నలిగి ట్యాంకులోకి. గాలి వెనక్కి రాకుండా హెడ్డులో సన్నటి ఉక్కు రేకుల వాల్వులు ఉంటాయి. ట్యాంకు మూతి కాడ ఇంకొక నాన్ రిటర్న్ వాల్వు. ట్యాంకు నిండితే ప్రెజర్ స్విచ్చి మోటారును ఆపేస్తాది. ఆపిన వెంటనే ‘తుస్స్’ అని రెండు మూడు సెకండ్లు వినబడేది జబ్బు కాదు, పైపులో ఇరుక్కున్న గాలిని వొదలడం. అట్ల వొదిలితేనే మళ్ళీ స్టార్టు చేసేటప్పుడు మోటారుకు బరువు ఉండదు.

ఫ్యాక్టరీల్లో, రిగ్గుల మీద ఎక్కువగా ఉండేది స్క్రూ కంప్రెసర్. అందులో పిస్టన్ లేదు. రెండు మరలు ఒకదాంట్లో ఒకటి దూరి తిరగతా గాలిని నలుపుతాయి. దాని సద్దు గుడగుడ కాదు, ఒకే తీరుగా ‘ఊఁ’ అని ఉంటాది.

పిస్టన్ మిషను రొంత వణికేది సహజం. పైకీ కిందికీ ఆడే బరువు ఉండాది గదా. కాబట్టి ‘వణకతా ఉండాదా?’ అని కాదు, ‘నిన్నటికంటే ఎచ్చు వణకతా ఉండాదా?’ అని చూడాల. బాగున్నప్పుడు దాని సద్దు ఎట్ల ఉంటాదో తెలీనోడికి, చెడినప్పుడు తెలియదు.

స్పానర్ పట్టేదానికి ముందర

మన కాడ ఉండే పెద్ద రోగం ఏందంటే, సద్దు రాగానే హెడ్డు విప్పేస్తారు. విప్పినాక లోపల బాగుంటే మళ్ళీ బిగిస్తారు, గాస్కెట్టు ఖర్చు దండగ. అసలు జబ్బు కింద బోల్టులో ఉంటాది. అందుకే విప్పకముందే కొన్ని పరీక్షలు చేయాల. లెక్క ఖర్చయ్యేది ఏమీ లేదు.

మొదటిది, ఈ నడుమ ఏం మారిందో అడగండి. కొత్త బెల్టు వేసినారా? మిషను తావు మార్చినారా? వేరే నూనె పోసినారా? కరెంటు లైను రిపేరీ చేసినారా? సగం జవాబులు ఈడనే దొరికిపోతాయి.

రెండోది, కరెంటు తీసి వినండి. మోటారు ఫుల్లుగా తిరగతా ఉండేటప్పుడు స్విచ్చి ఆపండి. ఆపిన ఆ క్షణంలోనే సద్దు తెగిపోతే జబ్బు కరెంటు పక్క ఉండాది, అంటే మోటారు చుట్టలు, ఫేజులు, ఓల్టేజీ. చక్రం నెమ్మదించే కొద్దీ సద్దు కూడా నెమ్మదిస్తా పోతే అది మెకానికల్, అంటే బేరింగు, బెల్టు, ఫ్లైవీలు, లోపలి భాగాలు.

మూడోది, బరువు తీసి వినండి. ట్యాంకు కింద ఉండే డ్రెయిన్ వాల్వు మెల్లిగా తెరిచి గాలంతా పోనిచ్చి, తెరిచి పెట్టే మిషను నడపండి. ప్రెజర్ లేకున్నా అదే సద్దు వస్తే బోల్టులు, ఫ్లైవీలు, బెల్టు వరస, మోటారు చూడాల. వాల్వు మూసి, ప్రెజర్ ఎక్కే కొద్దీ సద్దు ఎచ్చయితా ఉంటే వాల్వు రేకులు, కనెక్టింగ్ రాడ్ బేరింగు, పిస్టన్ పిన్ను, బెల్టు జారడం మీద అనుమానం పెట్టుకోవాల.

నాలుగోది, లెక్క కట్టండి. ఇది మన ఫోన్ల కాలం పిలకాయలకు బాగా చేతనయ్యే పని. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరగతాదనుకోండి. మోటారు పుల్లీ 5 అంగుళాలు, ఫ్లైవీలు 15 అంగుళాలు. అంటే ఫ్లైవీలు మూడోవంతు, నిమిషానికి 480 చుట్లు, సెకండుకు 8. ఇప్పుడు ఫోన్లో వీడియో తీసి, వేగం నాలుగోవంతుకు తగ్గించి వినండి. టక్కు టక్కు అనేది సెకండుకు రెండు మాట్లు వినబడిందంటే అసలు వేగంలో అది ఎనిమిది. జబ్బు ఫ్లైవీలుతో జతగా తిరిగే దాంట్లో ఉండాదని అర్థం: క్రాంకు, రాడ్, పిస్టన్, వాల్వు. మోటారు సెకండుకు 24 చుట్లు తిరగతాది కాబట్టి దాని సద్దు దెబ్బలుగా వినబడదు, గురగురమనే మూలుగుగా వినబడతాది.

ఐదోది, పాత మేస్త్రీల విద్య. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను బేరింగు ఉండే తావ ఆనించి, పిడిని చెవి ముందుండే ఎముకకు ఆనించి వినండి. ఒక్కొక్క తావ మార్చి చూస్తే, యాడ సద్దు గట్టిగా ఉండాదో ఆడనే జబ్బు. బెల్టు పక్కకు మాత్రం పోవద్దు. తువ్వాలు, వదులు చొక్కా, చున్నీ, మెడలో దారం, ఇవేవీ ఉండకూడదు.

వణుకు ఎచ్చయితే

మొదట కింద చూడండి. పునాది బోల్టులు వదులైనాయా? కింద రబ్బరు ప్యాడ్లు ఎండి పగిలినాయా? నాలుగు కాళ్ళూ నేలకు సరిగ్గా ఆనినాయా? కరెంటు తీసి, ఒక్కొక్క బోల్టే వదులు చేసి చూడండి. వదులు చేయగానే ఆ కాలు పైకి లేస్తే, బోల్టు దాన్ని బలవంతంగా కిందికి లాగి పట్టుకోని ఉండాదని అర్థం. ఆ సందులో సరిపోయే మందం రేకు పెట్టాల. కుంటి మంచం కాలు కింద మనం రాయి పెట్టే మాదిరే.

ఈడ మనోళ్ళు చేసే తప్పు ఒకటి ఉండాది. “కదలతా ఉండాది గదా, సిమెంటులో పూడ్చి గట్టిగా బిగించేద్దాం” అంటారు. ట్యాంకు మీదనే కూర్చోబెట్టిన చిన్న మిషన్లను ఎగుడుదిగుడు నేల మీద బలవంతంగా బిగిస్తే, వణుకు యాడికీ పోదు, ట్యాంకు కాళ్ళ వెల్డింగు మీదికి పోతాది. కొన్నాళ్ళకు ఆడ చీలిక వస్తాది. కంపెనీ ఇచ్చిన రబ్బరు ప్యాడ్లు ఊరికే ఇచ్చినవి కాదు. అట్లనే వణికే మిషనుకు గట్టి ఇనుప పైపు నేరుగా తగిలించకూడదు, నడుమ వంగే హోసు పెట్టాల.

తర్వాత బెల్టు. రెండు పుల్లీల మొగాల మీదుగా నైలాన్ దారం బిగించి పట్టుకోండి. అంచుల మందం ఒకటే అయితే దారం నాలుగు చోట్లా తాకాల. తాకలేదంటే పుల్లీలు వరసలో లేవు. బిగువు ఎంతుండాలంటే, నడుమ నొక్కితే పుల్లీల మధ్య దూరంలో 64వ వంతు దిగాల. అర మీటరు దూరం ఉంటే సుమారు 8 మి.మీ. ఎచ్చు బిగిస్తే బేరింగులు పోతాయి, వదులైతే జారతాది. రెండు మూడు బెల్టులు ఉండే మిషనుకు తెగింది ఒకటే అని ఒకటే మార్చొద్దు, జతంతా మార్చాల. కొత్తదీ పాతదీ ఒకే పొడుగు ఉండవు, ఒకటే బరువంతా మోస్తాది.

ఏ సద్దు ఏ జబ్బుది

‘కీచ్’ అని స్టార్టింగులో, లేకుంటే ప్రెజర్ బాగా ఎక్కినప్పుడు అరిస్తే బెల్టు జారతా ఉండాది. గ్రీజు పూసేది, రోజనం పొడి చల్లేది మందు కాదు. బిగువు, వరస, అరుగుదల చూడాల.

‘టిక్ టిక్’ అని హెడ్డు కాడ సన్నగా కొట్టి, ట్యాంకు నిండేదానికి ముందరికంటే జాస్తి సేపు పట్టి, హెడ్డు ఎక్కువ కాలతా ఉంటే వాల్వు రేకు విరిగినాదనో, మసి పట్టినాదనో అనుమానించండి. గాలి పీల్చే ఫిల్టరు కాడ చెయ్యి పెడితే గాలి వెనక్కి కొట్టినట్టు తెలుస్తాది. రెండు స్టేజీల మిషనులో నడుమ పైపు మీద ఉండే చిన్న సేఫ్టీ వాల్వు మాటిమాటికీ పేలతా ఉంటే, చిన్న సిలిండరు వాల్వులు కారతా ఉండాయని గుర్తు. చానా మంది ఆ సేఫ్టీ వాల్వునే తప్పుబట్టి బిగించేస్తారు. అది తప్పు చెప్పలేదు, వీళ్ళకే అర్థం కాలేదు.

‘డక్ డక్’ అని బరువుగా, కింది పెట్టె నుంచి వస్తే అన్నిటికంటే ప్రమాదం. కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగి ఉండొచ్చు, ఫ్లైవీలు కీ వదులై ఉండొచ్చు. కీ సంగతి తేల్చేది సులువు: మిషను ఆపి, కరెంటు తీసి, ఫ్లైవీలును చేత్తో ముందుకూ వెనక్కూ ఆడించండి. చక్రం కదిలి ఇరుసు కదలకపోతే కీ పోయినట్టే. కీ బాగుంటే నూనె అద్దం చూడండి. సగం కాడ ఉండాల. మెరిసే ఇనుప పొడి నూనెలో కనబడితే ఇంక నడపొద్దు. మా షెడ్డులో ఈ రెండు నిమిషాల పనే ఎవురూ చేయలేదు. సీలు కాడ నుంచి నూనె కారిపోతా ఉండింది. రాడ్ కొనకు ఉండే చెంచా నూనెను చిమ్మితేనే బేరింగుకు అందేది. నూనె దిగిపోతే చెంచాకు అందదు. ఆ డక్కు డక్కు చెప్పింది అదే.

పిస్టన్ పైకి పోయినప్పుడంతా గట్టిగా, ఇనుముకు ఇనుము తగిలినట్టు కొడితే, హెడ్డులో మసి గడ్డ కట్టిందేమో, ఈ మధ్య పల్చటి గాస్కెట్టు వేసినారేమో చూడాల. చల్లగా ఉండేటప్పుడు లటలటమని, వేడెక్కే కొద్దీ తగ్గితే పిస్టనూ సిలిండరూ అరిగి సందు పెరిగిందని అర్థం. అది ఈ పొద్దే ఆపాల్సిన జబ్బు కాదు గానీ నూనె ఎక్కువ తింటాది.

‘గర్ర్’ అని మోటారు కొన నుంచి, రాళ్ళు నమిలినట్టు వస్తే బేరింగు. మొదట్లో సన్నటి కూతగా ఉంటాది, తర్వాత మూలుగు అవుతాది, ఆఖర్న వేడి. మూలుగు వచ్చేదాకా ఉంటే చుట్లు కూడా కాలిపోవచ్చు.

‘గుయ్’ అని మూలిగి మోటారు తిరగకుండా ఉంటే వెంటనే ఆపండి. రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. ఇది మన పల్లెల్లో బోరు మోటార్లు కాలే కతే. రెండోది, హెడ్డులో గాలి మిగిలి మోటారుకు బరువు పడింది. ట్యాంకు ఖాళీ చేస్తే చక్కగా స్టార్టయితే రెండోదే. అప్పుడు నాన్ రిటర్న్ వాల్వూ, గాలి వొదిలే వాల్వూ చూడాల. ఆపినాక ‘తుస్స్’ రెండు మూడు సెకండ్లలో ఆగకుండా ట్యాంకు ఖాళీ అయ్యేదాకా వస్తా ఉన్నా తప్పు ఆ నాన్ రిటర్న్ వాల్వుదే.

‘స్స్స్’ అని యాడో సన్నగా వస్తే లీకు. కుంకుడుకాయ నురగ పూసి చూడండి, బుడగ వచ్చిన తావే బెజ్జం. 7 బార్ ప్రెజర్ కాడ 3 మి.మీ. బెజ్జం ఒకటి సుమారు 3 కిలోవాట్ల కరెంటు తింటాది. మిషను ఆగకుండా తిరగతాది, త్వరగా అరగతాది.

స్క్రూ మిషనుకు వేరే లెక్క

స్క్రూ కంప్రెసర్‌లో సద్దు నున్నగా ఉండాల. సన్నటి ఈల మాదిరి గాలి పీల్చే తావ వస్తే ఫిల్టరు మూసుకుపోయింది. క్వారీ దుమ్ములో, బోరు దుమ్ములో ఇది రోజూ చూడాల్సిన పని. ‘ఊఁ’ అనేది మెల్లిగా ఏడుపు మాదిరి మారి, నూనె వేడి కూడా పెరిగితే మరల బేరింగు మీద అనుమానం. రాపిడి సద్దు, గీసినట్టు వస్తే ఇంక ఒక్క నిమిషం కూడా నడపొద్దు. మరల నడుమ సందు వెంట్రుక మందం. విప్పేది అంగట్లో పని కాదు, కంపెనీ మనిషి రావాల.

లైను రిపేరీ అయినాక ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. లైన్‌మన్ వచ్చి పోయినాక బోరులో నీళ్ళు సన్నంగా వస్తే ఫేజులు తారుమారై మోటారు ఎదురు తిరగతా ఉండాదని మనూరి రైతుకు తెలుసు. బోరుకు నీళ్ళు తగ్గి ఊరుకుంటాది. స్క్రూ కంప్రెసర్ ఎదురు తిరిగితే నూనె అందక కొన్ని సెకండ్లలోనే పాడైపోవచ్చు. ఫేజ్ సీక్వెన్స్ రిలే ఉంటే అదే ఆపుతాది. కాబట్టి దాన్ని తీసేసి నేరుగా కలపొద్దు. పిస్టన్ మిషను ఎదురు తిరిగినా గాలి వస్తాది, కానీ ఫ్లైవీలు రెక్కలు గాలిని సిలిండరు మీదికి కాకుండా అవతలికి కొడతాయి, హెడ్డు కాలిపోతాది. ఫ్లైవీలు మీద బాణం గుర్తు అందుకే.

నోటుబుక్కు ఒకటి పెట్టండి

పెద్ద ఫ్యాక్టరీల్లో వణుకును మీటరుతో కొలుస్తారు, సెకండుకు ఎన్ని మి.మీ. అని. పాత ఐఎస్ఓ 10816 లెక్కలో 15 కిలోవాట్ల లోపల ఉండే చిన్న మోటార్ల మాదిరి మిషన్లకు 1.8 దాటితే ఎక్కువ కాలం నడిపేదానికి బాగలేదని, 4.5 దాటితే నడపకూడదని ఉండింది. పిస్టన్ కంప్రెసర్ పుట్టుకతోనే వణికేది కాబట్టి దానికి వేరే భాగం రాసినారు. ఫోన్లో వచ్చే వైబ్రేషన్ యాప్‌ను ఈ అంకెల కాడ పెట్టి తీర్పు చెప్పొద్దు. కానీ ఒకే ఫోను, ఒకే తావ, ఒకే ప్రెజర్ కాడ వారం వారం పెట్టి చూస్తే, పెరగతా ఉండాదా లేదా తెలుస్తాది.

పది రూపాయల నోటుబుక్కు చాలు. తేదీ, ట్యాంకు నిండేదానికి ఎన్ని నిమిషాలు, నూనె ఎంత ఉండాది, సద్దు ఎట్ల ఉండాది. దాంతో జతగా ఫోన్లో పది సెకండ్ల రికార్డింగు. “సద్దు మారిందన్నా” అంటే ఓనరు వినడు. “పోయిన నెల ట్యాంకు ఆరు నిమిషాల్లో నిండేది, ఇప్పుడు తొమ్మిది, ఇదిగో అప్పటి సద్దు, ఇదిగో ఇప్పటిది” అంటే వింటాడు. మాటను కొట్టిపారేయొచ్చు, రాసిపెట్టిన దాన్ని అంత సులువుగా కొట్టిపారేయలేరు.

ట్యాంకు గురించి ఒక మాట

సద్దు చేసేది మిషను, ప్రాణం తీసేది ట్యాంకు. 50 సెంటీమీటర్ల వెడల్పు ఉండే ట్యాంకులో చదరపు సెంటీమీటరుకు 8 కిలోల ప్రెజర్ ఉంటే, దాని ఒక మూత మీద పడే బరువు సుమారు 15,700 కిలోలు. అంటే పదిహేను టన్నులకు పైనే. అమ్మవారి వాహనం ముందర నడిచే ఏనుగులు నాలుగు ఆ రేకు మీద ఎక్కి నిలబడినట్టు లెక్క. నలిగిన గాలిలో నీళ్ళు ఊరతాయి, దినమూ డ్రెయిన్ చేయకుంటే లోపల తుప్పు పట్టి రేకు పల్చబడతాది. వణికే మిషను ఆ పల్చటి రేకును రోజూ ఊపతా ఉంటాది. ట్యాంకు మీద చీలిక, వెల్డింగు కాడ నూనె తడి, బుడగ, వీటిల్లో ఏది కనబడినా ఆపేయండి. చీలిక మీద వెల్డింగు పెట్టి నడిపేది వొద్దే వొద్దు. సేఫ్టీ వాల్వును బోల్టుతో మూసేది అంతకంటే వొద్దు. ఏది విప్పాలన్నా ముందర కరెంటు తీసి, స్విచ్చి కాడ మనిషిని పెట్టి, గేజీ సున్నాకు వచ్చేదాకా గాలి వొదలాల.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ప్రెజర్ ప్లాంట్ల కోసమే 31వ సెక్షన్ పెట్టినారు. పెద్ద ఫ్యాక్టరీకి ఇన్స్పెక్టరు వచ్చేవాడు. ఇద్దరు ముగ్గురు పనిచేసే పంచర్ అంగడికి ఎవురు వస్తారు? ఆడ ఇన్స్పెక్టరు ఆ హెల్పరు పిల్లోడే.

చెవి పోతే మళ్ళీ రాదు

సద్దు వినమని చెప్తా ఉండా గదా, ఆ సద్దులోనే పడి ఉండమని కాదు. ఫ్యాక్టరీల నిబంధనల లెక్కలో 90 డెసిబెల్స్ అయితే దినానికి 8 గంటలే. 95 అయితే 4 గంటలు, 100 అయితే 2 గంటలు. ఐదు పెరిగితే కాలం సగం. మీటరు లేకున్నా తెలుసుకునే దారి ఒకటి ఉండాది. చేయి చాపినంత దూరంలో ఉండే మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే ఆ తావు చెవికి మంచిది కాదు. సాయంత్రం ఇంటికి పోయినాక చెవిలో ‘ఙీ’ అని వినబడితే అది మొదటి ఎచ్చరిక. ఇయర్ ప్లగ్గులు అడగండి. మిషనును గోడ అవతల పెట్టమనండి. గాలి ఫిల్టరు పెట్టె తీసేసి నడిపితే సద్దూ పెరగతాది, దుమ్మూ పోతాది.

ఆపే హక్కు ఎవురిది?

కోయంబత్తూరు జి.డి. నాయుడు (1893–1974) తెలుగు మాట్లాడే రైతు ఇంటి బిడ్డ. బడి చదువు పెద్దగా లేదు. ఒక తెల్లదొర మోటార్ సైకిల్ కొని, విప్పి, మళ్ళీ బిగించి పని నేర్చుకున్నాడు. 1937లో మన దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటార్ల వెనక ఆయన చెయ్యి ఉండాది. ఆయన కత మనోళ్ళు గొప్పగా చెప్తారు. కానీ మన షెడ్డులో పిల్లోడు “సద్దు మారింది” అంటే మాత్రం “నీకేం తెలుసురా” అంటారు.

ఓనర్లకు నేను చెప్పేది ఒకటే. బోల్టు బిగించేదానికి ఒక పూట, బెల్టు మార్చేదానికి ఒక పూట పోతాది. రాడ్ తెగితే వారం పోతాది. మనిషికి తగిలితే ఇంక లెక్క కట్టేదానికి ఏమీ ఉండదు. మిషను కాడ నిలబడే మనిషికి స్విచ్చి ఆపే హక్కు ఇవ్వండి. పది మాట్లు ఊరికే ఆపినా పదకొండో మాటు మీ షెడ్డు మిగలతాది.

పిలకాయలకు చెప్పేది ఇంకొకటి. రేపు పనికి పోయినాక మొదట మిషను స్టార్టు చేసి ఒక్క నిమిషం ఊరికే నిలబడి వినండి. పది సెకండ్లు రికార్డు చేసి పెట్టుకోండి. అది బాగున్నప్పటి సద్దు. అది మీ కాడ ఉంటే, మారిన దినం మీకు తెలుస్తాది. తెలిసినాక నా మాదిరి గమ్మున మాత్రం ఉండొద్దు.